గుంట తొక్కిందేటి?

పోయిన నెల తమ్ముడు ఫోన్ చేశాడు. నాన్న జీపు మళ్లీ స్టార్టయిందట. అరకులో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో, టార్పాలిన్ కింద, కోళ్లు గుడ్లు పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాకుండా ఇన్నేళ్లు పడి ఉన్న జీపు అది. వాడిప్పుడు టూరిస్టులకు గదులు అద్దెకిస్తున్నాడు. వలిసెపూల కాలంలో వచ్చేవాళ్లు ఫొటోలు దిగడానికి గుమ్మంలో పాత జీపొకటి ఉంటే బాగుంటుందని ఎవరో చెప్పారట. ఇంజను విప్పించాడు, రంగు వేయించాడు. అంతా అయ్యాక బ్రేకు దగ్గరికొచ్చి పని ఆగింది. బండి మాత్రం ఆగడం లేదు.

"అక్కా, పెడలు మెత్తగా దిగిపోతన్నాదే. మెకానిక్ గుంటడు బ్రేకు గొట్టాల్లో గాలి నాలుగుసార్లు తీసినాడు. అయినా అంతే."

"తొక్కీసి, అలాగే పట్టుకోని ఇరవై లెక్కెట్టు. దిగుతన్నాదో నేదో సూడు" అన్నాను.

"లెక్కెట్టడం నీ పని గదా. నువ్వే రా" అని పెట్టేశాడు.

నేను పార్వతీపురంలో ఉంటాను. ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఏజెన్సీ ఊళ్లకు డిపార్టుమెంటు జీపుల్లో తిరిగినన్నాళ్లూ, ఎక్కే ముందు బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చారని డ్రైవర్లను అడిగేదాన్ని. నా వెనక "బ్రేకు సిస్టరు" అని నవ్వుకునేవారని నాకు తెలుసు. నవ్వుకోనీ అనుకునేదాన్ని. ఎందుకు అడిగేదాన్నో వాళ్లకి చెప్పలేదు. తమ్ముడికీ చెప్పలేదు. అసలా గొడవ వాడి పేరుతోనే మొదలైంది.

కొత్తవలసలో బండి మారి కిరండూల్ పాసింజరు ఎక్కాను. టైడా స్టేషన్లో సీతాఫలాలు అమ్మే అమ్మాయి కిటికీలోంచి తట్ట పెట్టింది. ఆ వాసనకి, చెట్ల సందుల్లోంచి కనిపించే ఘాటీ రోడ్డుకి, మా జీపు వెనక సీటు కళ్ల ముందుకొచ్చింది.

మా నాన్నది కింద మైదానంలో వ్యవసాయం చేసుకునే కుటుంబం. నాగలి పట్టమంటే ఆయనకి నడుం నొప్పి వచ్చేది, స్టీరింగు పట్టమంటే పోయేది. అలా వేలంలో ఒక పాత జీపు కొనుక్కుని, అమ్మనీ మామ్మనీ మమ్మల్నీ వేసుకుని కొండెక్కేశాడు. శుక్రవారం అరకు సంత. సంత సరుకులతో, మనుషులతో శనివారం పొద్దున్న ఘాటీ దిగి శృంగవరపుకోట వెళ్లేవాడు, సాయంత్రానికి తిరిగి ఎక్కేవాడు. దిగేటప్పుడు జీపులో పసుపు, చింతపండు, పిప్పళ్లు, అడ్డాకుల కట్టలు. ఎక్కేటప్పుడు ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు. కళ్లు మూసుకుని కూర్చున్నా, వాసనని బట్టి బండి కొండ దిగుతోందో ఎక్కుతోందో చెప్పగలిగేదాన్ని.

వారం వారం ఆ జీపు ఎక్కేవాళ్లలో అడ్డాకులు అమ్మే ఒక కొండ ఆవిడ ఉండేది. ఆమెని అందరం అత్తా అనే పిలిచేవాళ్లం. తలుపు పక్కన కూర్చుని ఘాటీ పొడుగునా విస్తరి కుడుతూనే ఉండేది. ఒక్కో వంపుకి ఒక పుల్ల గుచ్చేది. శృంగవరపుకోట వచ్చేసరికి ఎన్ని విస్తళ్లు అయ్యాయో చూసి, నాన్న ఎంత నెమ్మదిగా తోలాడో చెప్పేది.

ఆ రోజుల్లో ఏ జీపు వెనక చూసినా పిల్లల పేర్లు రాసి ఉండేవి. పిల్లలంటే మగపిల్లలు. మాకు కూడా ఒక పెయింటరు వచ్చాడు. సాయంత్రం దాకా కూర్చుని, ఎర్రక్షరాలకి పసుపు నీడ వేసి తమ్ముడి పేరు రాశాడు. అటొక నెమలి, ఇటొక నెమలి. తమ్ముడికి అప్పుడు నాలుగేళ్లు. నాకు పదకొండు. వాడికి చదవడం రాదు, నాకు వచ్చు. నేను చదివి వినిపిస్తే వాడు చప్పట్లు కొట్టాడు.

"మరి నా పేరు?" అన్నాను.

"ఆడగుంట పేరు బండికెందుకే? రేపు ఎవలింటికో ఎల్లిపోతావు" అంది మామ్మ, చుట్ట తీయకుండానే. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు.

నాన్న వెనక్కి జరిగి జీపుకేసి చూశాడు. "సోటేదే?" అన్నాడు.

నిజమే, చోటు లేదు. రెండు నెమళ్లకి ఉంది, నాకు లేదు. ఆ రాత్రి సామల అన్నంలో పనసపొట్టు కూర పెట్టారు. నాకెంతో ఇష్టమైన కూర. తినలేదు. తినలేదని ఎవరూ గమనించలేదు కూడా, దాంతో కోపం రెట్టింపైంది.

బ్రేకు ఆయిలు రంగుని తినేస్తుందని నాకు తెలుసు. అంతకు ముందోసారి శృంగవరపుకోట మేస్త్రీ, అంటే మా జీపు బాగుచేసే ముసలాయన, మడ్‌గార్డు మీద ఒక చుక్క ఒలకబోస్తే అక్కడ రంగు బొబ్బలా లేచి ఊడిపోయింది. నాన్న ఆయన్ని తిట్టిన తిట్లు నాకు ఆయిలు కన్నా బాగా గుర్తుండిపోయాయి. ఒక మధ్యాహ్నం, మామ్మ కునుకు తీస్తుండగా, గూట్లోంచి ఆయిలు టిన్ను దించాను. నాన్న పాత బనీను గుడ్డ ముంచి రుద్దాను. తీయటి వాసన, కొంచెం మందు వాసన కలిసిన ఆయిలు అది. అక్షరాలు ఒక్కొక్కటే మెత్తబడి గుడ్డకి వచ్చేశాయి. నెమళ్ల జోలికి పోలేదు. వాటి మీద నాకు పగ లేదు.

అంతా అయ్యాక టిన్ను ఊపి చూస్తే తేలిగ్గా ఉంది. కుండలోంచి టీ గ్లాసుడు నీళ్లు ముంచి అందులో పోశాను. కిరసనాయిలైతే నీళ్లు వేరుగా తేలేవి. ఇది చక్కగా కలిసిపోయింది. ఎవడూ కనిపెట్టలేడు. నా అంత తెలివైనది ఈ కొండల్లోనే లేదనుకుని మూత బిగించాను.

మర్నాడు నాన్న వెనక్కి వెళ్లి చూసి నిలబడిపోయాడు. వానలకి రంగు కొట్టుకుపోయిందని, నాసిరకం రంగు వేశాడని నిశ్చయించుకుని, ఆ శుక్రవారం సంతలో పదిమంది ముందు పెయింటర్ని పట్టుకుని కడిగేశాడు. "తప్పుడు రంగు కలిపితే నా సెయ్యి పడిపోవాల" అని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను పక్కనే నిలబడి బెల్లం జీళ్లు తింటున్నాను. నోట్లో జీడి ఉండటం వల్ల మాట్లాడలేదని నాకు నేను చెప్పుకున్నాను.

తర్వాత వెనక చక్రం దగ్గర ఆయిలు కారుతోందని మేస్త్రీ కొత్త రబ్బరు కప్పులు వేశాడు. పాత ఆయిలంతా తీసేసి, మా టిన్నులోదే పోసి గాలి తీశాడు. పెడలు రాయిలా ఉంది. నాన్న సంతోషించాడు. ఆ శనివారం టైడా దాటాక రెండో వంపులో పెడలు కిందికంటా దిగిపోయింది.

నేనా రోజు జీపులో లేను. అత్త చెప్పగా విన్నాను. నాన్న గేరు దించి, హ్యాండ్‌బ్రేకు లాగి, బండిని కొండవైపు మట్టిగట్టుకి ఒరిపించాడట. పసుపు బస్తా పగిలి లోపలున్న వాళ్లంతా పెళ్లికూతుళ్లలా తయారయ్యారట. అత్త మోచెయ్యి గీరుకుపోయింది. అందరూ దిగి, కుదుటపడి, చుట్ట కాల్చుకున్నాక నాన్న మళ్లీ తొక్కి చూస్తే పెడలు రాయిలా ఉంది. ఒకాయన నాన్న నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడట. నాన్న జీవితంలో జీలుగు కల్లు కూడా తాగి ఎరగడు.

మేస్త్రీ మళ్లీ చూశాడు. "గాలుండిపోనాది" అని మళ్లీ తీశాడు. మిగిలిన ఆయిలు పోశాడు. టిన్ను ఖాళీ అయింది. అమ్మయ్య, పీడ వదిలిందనుకున్నాను. ఆ ఆయిలు ఎక్కడికి పోయిందో నా బుర్రకి తట్టలేదు. మరుసటి శనివారం మళ్లీ అదే చోట, అదే పని. ఈసారి నాన్న ముందే రెండో గేరులో ఉన్నాడు కాబట్టి ఆగగలిగాడు.

మూడోసారి మేస్త్రీ అరకులో మా ఇంటికే వచ్చాడు. చక్రాలన్నీ విప్పాడు. ఎక్కడా తడి లేదు. షెడ్డులో ఎంతసేపు తొక్కినా పెడలు దిగలేదు. చోడి అంబలి తాగుతూ ఆలోచించాడు.

"ఘాటీలో బ్రేకు ఏడెక్కిపోద్ది గదా. ఆయిల్లో నీరు గాని తగిలిందంటే ఉడికిపోయి ఆవిరైపోద్ది. ఆవిరంటే గాలే. నువ్వెంత తొక్కినా ఆ గాలే నలుగుద్ది గాని బండి ఆగదు. సల్లారితే మల్లీ మామూలే. కానీ నీ టిన్నుకి మూత బిగించే ఉన్నాది గదా. నీరెలాగొస్తాది?"

"రాదు. నానే దాస్తాను" అన్నాడు నాన్న.

గోడ అవతల నేను చింతపిక్కలు ఆడుతున్నాను. ఆట ఆపేశాను.

ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేదు. ఎనిమిది రోజులు చెప్పలేదు. మనుషులు ఇంకో జీపు ఎక్కడం మొదలుపెట్టారు. నాన్న పొద్దస్తమానం షెడ్డులో డ్రైవరు సీట్లో కూర్చుని పెడలు తొక్కేవాడు, వదిలేవాడు, తొక్కేవాడు. ఒక సాయంత్రం అమ్మతో అంటుంటే విన్నాను.

"బండికేటీ నేదే. నా కాలే మెత్తబడిపోనాదేమో. ఘాటీ సూసేసరికి బలం సాలట్నేదేమో."

"ఊరుకో, ఏటా మాటలు" అంది అమ్మ.

నాన్న కాలు ఎత్తి దీపం వెలుగులో చూసుకున్నాడు. నాన్న భయపడటం నేను చూడటం అదే మొదలు. నన్ను కొడతాడేమో అన్న భయం కంటే అది పెద్దదిగా అనిపించింది. అయినా చెప్పలేదు.

కారణం కనిపెట్టింది మామ్మ. జీపు కొన్నప్పుడు ఘాటీ పైన అమ్మవారి రాయికి కోడిని ఇస్తానని మొక్కుకుని మర్చిపోయారట. "అమ్మ కోపమే ఇది. టైడా వొంపులో పెడలు లాగేస్తన్నాది ఆ తల్లే" అని తేల్చేసింది. ఆ శనివారం ఇంటిల్లిపాదీ వెళ్లి మొక్కు తీర్చి, అటునుంచటే శృంగవరపుకోటలో మామ్మ తమ్ముడింటికి వెళ్లి రావాలని నిర్ణయమైంది. బుట్టలో ఎర్ర కోడి, ఒళ్లో తమ్ముడు. ప్రయాణికుల్లో మిగిలింది అత్తా, ఇంకో నలుగురూ. మిగతావాళ్లు ఇంకో జీపు ఎక్కారు కదా, నువ్వెందుకు ఎక్కలేదని మామ్మ అడిగితే, "నాకీ సీటు అలవాటు" అంది అత్త.

అనంతగిరి దాటాక, రోడ్డు కిందికి వాలే చోట, పసుపు రాసిన రాయి ఉంటుంది. జీపు ఆపారు. నాన్న కొబ్బరికాయ కొట్టాడు. మామ్మ కోడిని తీసింది. అది నాకేసి చూసింది. కోళ్లు అందరికేసీ అలాగే చూస్తాయి, అయినా అప్పుడు నాకేసే చూసిందనిపించింది. తమ్ముడు ముందు సీట్లో నిలబడి స్టీరింగు తిప్పుతూ నోటితో హారన్ కొడుతున్నాడు. వాడి వెనక, కింద, మంచులోకి దిగిపోతున్న రోడ్డు కనిపించింది.

"కోడి వొద్దు నాన్నా" అన్నాను. "ఆయిల్లో నీల్లు పోసినాను. నానే."

తమ్ముడు హారన్ కొడుతూనే ఉన్నాడు.

"ఎన్ని?" అన్నాడు నాన్న.

"టీ గ్లాసుడు."

"ఎందుకే?"

"తమ్ముడి పేరు సెరపడానికి ఆయిలు తీసినాను. తక్కువైపోనాదని నీల్లు కలిపినాను."

నాన్న నన్ను దాటుకుని జీపెక్కి, డ్రైవరు కాళ్ల కింద రేకు తీసి, ఆయిల్లో ఒక పుల్ల ముంచి తెచ్చాడు. బానెట్టు ఎత్తి, వేడిగా ఉన్న సైలెన్సరు గొట్టం మీద ఒక చుక్క విదిలించాడు. ఉత్త ఆయిలైతే పొగ మాత్రమే వచ్చేది, ఇది పెనం మీద నీళ్లు చల్లినట్టు చుయ్యిమని చిటపటలాడింది. ఇంకో చుక్క విదిలించాడు. మళ్లీ అంతే. నాన్న వెనక్కి తిరిగి చెయ్యి ఎత్తాడు. నేను కళ్లు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్లు తెరిస్తే ఆ చెయ్యి బానెట్టు మీద ఉంది.

"అయితే నా కాలు బానే ఉన్నాదే" అన్నాడు అమ్మతో. ఆయన గొంతు విన్నాక నాకు ఏడుపొచ్చింది. అప్పటిదాకా రాలేదు.

దిగువ నుంచి ఒక జీపు వస్తే ఆపి, ఆ డ్రైవరు దగ్గరున్న సీలు తీయని ఆయిలు టిన్ను అడిగి తీసుకున్నాడు. ఇక పాత ఆయిలు మొత్తం బయటికి తీయాలి. దానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు చక్రం దగ్గర కూర్చుని నిపిలు, అంటే ఆయిలు బయటికొచ్చే చిన్న మర, విప్పాలి, ఒకరు పెడలు తొక్కాలి. ప్రయాణికుల్లో ఇద్దరు మగవాళ్లు ముందుకొచ్చారు.

"వొద్దు. గుంట తొక్కుతాది" అన్నాడు నాన్న. "అదే కలిపినాది, అదే తియ్యాల."

సీట్లో కూర్చుంటే నా కాలు అందలేదు. స్టీరింగు పట్టుకుని, పెడలు మీద దాదాపు నిలబడ్డాను. నాన్న జీపు కింద నుంచి అరుస్తున్నాడు. తొక్కు. పెడలు నెమ్మదిగా కిందికి దిగిపోయేది. పట్టు. ఆయన నిపిలు బిగించేవాడు. వదులు. మళ్లీ తొక్కు. పాత ఆయిలు పడటానికి నాన్న అమ్మవారికి కొట్టిన కొబ్బరిచిప్పలే పెట్టాడు, మధ్యమధ్య లేచి కొత్త ఆయిలు పోశాడు. నాలుగు చక్రాలకీ ఎన్నిసార్లు తొక్కానో తెలీదు. తొడలు వణికాయి. అమ్మ వచ్చి మారతానంది, నేను దిగలేదు. ఆఖరికి నాన్న లేచి, చేతులు మట్టితో రుద్దుకుని, నా పక్కన నిలబడ్డాడు.

"ఇప్పుడు తొక్కి పట్టుకో. ఇరవై లెక్కెట్టు, గట్టిగా. కాలి కింద ఒక్క ఈసమైనా కదిలితే సెప్పు. అబద్దం సెప్పకు."

గట్టిగా లెక్కపెట్టాను. అందరూ వింటున్నారు. కదల్లేదు.

"కదల్నేదు నాన్నా."

ఆయన తను తొక్కి చూసుకోలేదు. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు. "సరే, ఎక్కండి" అన్నాడు. మనుషులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రెండుసార్లు పెడలు దిగిపోయిన జీపు అది, పదకొండేళ్ల గుంట, అందులోనూ నీళ్లు కలిపిన గుంట, బాగుందని చెబుతోంది. అత్త తన కట్ట లోపలికి తోసి మొదట ఎక్కింది.

"గుంట తొక్కినాది గదేటి. ఎక్కండి, పొద్దుపోతన్నాది" అంది.

ఇంతకీ కోడి బతకలేదు. "నీల్లు పోసిన బుద్ది ఎవలిచ్చినారు, మల్లీ సెప్పిన బుద్ది ఎవలిచ్చినారు? ఆ తల్లే" అని మామ్మ మొక్కు తీర్చేసింది. మామ్మతో వాదించి గెలిచినవాళ్లు లేరు.

టైడా దాటాక, రెండో వంపు ముందు నాన్న బండి ఆపి తొక్కి చూశాడు. రాయిలా ఉంది. నాకేసి చూడలేదు. చెయ్యి చాపి నా బుర్ర మీద ఒక్కటి మొట్టాడు. ఆ మొత్తం గొడవకి నాకు తగిలిన దెబ్బ అదొక్కటే.

మర్నాడు నన్ను పెయింటరు ఇంటికి తీసుకెళ్లి, ముందు తను క్షమాపణ చెప్పి, తర్వాత నా చేత చెప్పించాడు. ఆయన మంచివాడు. తిరిగొచ్చి తమ్ముడి పేరు మళ్లీ రాస్తూ, ఒక నెమలిని తీసేసి నా పేరు కూడా రాయమంటావా అని అడిగాడు. నేను వద్దన్నాను. సిగ్గు వల్ల కాదు. అప్పటికి నాకు పేరు కంటే పెద్దది దొరికింది. ఆ శనివారం నుంచి, బడి లేని ప్రతిసారీ, ఘాటీ దిగే ముందు రాయి దగ్గర జీపు ఆగడం, నేను పెడలు తొక్కి ఇరవై గట్టిగా లెక్కపెట్టడం, తర్వాతే కొబ్బరికాయ. జనానికి అలవాటైపోయింది. ఎక్కబోతూ అడిగేవాళ్లు: "గుంట తొక్కిందేటి?" నాకు బడి ఉన్న రోజుల్లో, గుంట ఇంట్లోనే తొక్కి పంపిందని నాన్న చెప్పాల్సి వచ్చేది. నర్సింగు చదువుకి వెళ్లేదాకా అలాగే సాగింది. నీళ్ల సంగతి మాత్రం తమ్ముడి దగ్గర ఎవరూ ఎత్తకూడదని నాన్న కట్టడి చేశాడు. అక్క తన పేరు చెరిపేసిందని వాడికి తెలియనక్కర్లేదన్నాడు.

నాన్న ఇప్పుడు లేడు. మామ్మ, అమ్మ, అత్త ఎవరూ లేరు. ఘాటీ రోడ్డు వెడల్పయింది. రాయి చుట్టూ గుడి కట్టి టైల్స్ వేశారు.

అరకులో దిగి ఇంటికెళ్లేసరికి తమ్ముడూ మెకానిక్కూ నాకోసం కూర్చున్నారు. చీర కుచ్చెళ్లు ఎగదోపి డ్రైవరు సీట్లోకెక్కాను. ఇప్పుడు కాలు అందుతుంది, మోకాలే ఒప్పుకోదు. మొదటి తొక్కుకి పెడలు గట్టిగానే ఉంది. పట్టుకున్నాను. ఎనిమిది దగ్గరికొచ్చేసరికి వెన్నలోకి దిగినట్టు కిందికి జారడం మొదలుపెట్టింది. చక్రాల దగ్గర చూడమన్నాను. ఎక్కడా తడి లేదు.

"గాలి కాదు బాబూ. గాలైతే స్పంజీలాగ ఎగురుద్ది. ఇది జారుతన్నాది. పెడలుకున్న మాస్టర్ సిలిండరు లోపల రబ్బరు కప్పు అరిగిపోనాది. ఆయిలు ఎనక్కి తన్నీస్తన్నాది."

"అమ్మా, మీరు మెకానిక్కా?" అన్నాడతను.

"కాదు, నర్సుని."

కప్పులు రావడానికి రెండు రోజులు పట్టింది. బిగించి, గాలి తీసేటప్పుడు నేనే తొక్కాను. ఆ పని మధ్యలో, తమ్ముడు చక్రం దగ్గర కూర్చుని ఉండగా, చెప్పేశాను. పేరు, ఆయిలు, టీ గ్లాసుడు నీళ్లు, పెయింటరు, అన్నీ. వాడికి అరవైకి దగ్గరపడుతోంది. నిపిలు బిగించి, పానా పట్టుకునే నాకేసి చూశాడు.

"అయితే నాన్న నన్ను కూడా ఆ బండిలో కూకోబెట్టి దించబోనాడన్నమాట, నువ్వు సెప్పకపోతే."

"ఊఁ."

నేను పెడలు పట్టుకునే ఉన్నాను, వదలమని వాడు చెప్పలేదు కాబట్టి.

నాన్న ఆ రోజు కొట్టి ఉంటే ఎప్పుడో మర్చిపోయేదాన్ని. నా మాట మీద నలుగురినీ, కన్నకొడుకునీ ఎక్కించుకుని ఘాటీ దిగాడు. అది మర్చిపోవడం నా వల్ల కాలేదు.

"వొదులు" అన్నాడు చివరికి తమ్ముడు.

మర్నాడు పొద్దున్న జీపుని ఘాటీ దాకా తీసుకెళ్దామన్నాడు. వాడి మనవలు వెనకెక్కారు, కోడలు ఎక్కింది. నేను ముందు సీటు వైపు నడిచాను. తమ్ముడు మాత్రం ఎక్కలేదు. బయట నిలబడి, బానెట్టు మీద చెయ్యి వేసి, వెనకున్న పిల్లలకి వినిపించేలా అడిగాడు.

"గుంట తొక్కిందేటి?"

చుట్టూ తిరిగి డ్రైవరు వైపుకి వచ్చాను. ఎక్కి, తొక్కి, గట్టిగా లెక్కపెట్టాను. ఇరవై దాకా కదల్లేదు. అప్పుడు ఎక్కాడు.